శోధనయు దైవచిత్తమును: ఒంగోలు చరిత్రలో రెండు ఘట్టములు

తెలుగు బైబిలు చదివినవారికి శోధన యను మాట సుపరిచితము. మనుష్యుని అడ్డదారికి లాగెడి ఆశకును, కష్టములు కల్పించి వాని గట్టిదనమును చూచెడి పరీక్షకును ఆ గ్రంథమున ఈ యొక్క పదమునే వాడిరి. వ్యాకరణము చదువుకొన్న నాబోటివానికి ఇది మొదట లోపముగా తోచును. రెండు వేఱు విషయములకు ఒకే పేరేల యని యడుగబుద్ధి పుట్టును. కాని శుధ్ ధాతువునకు శుద్ధి పొందుట యని గదా యర్థము! కంసాలి కుంపటిలో బంగారమును కరగించి కల్తీని వేఱుచేయుటయు శోధనయే. కుంపటిలోని బంగారమునకు తన్ను కాల్చుచున్న నిప్పు ఎందులకు వచ్చినదో తెలియదు. మనుష్యునికిని చాలమాఱు తెలియదు. ఆ యొక్క పదమే రెంటికిని చాలునని నేను క్రమముగా అంగీకరించితిని.

నేను క్రైస్తవుడను కాను. కరణీకపు ఇంట పుట్టి, చిన్ననాట గురువుగారి అరుగుమీద అమరము, పంచకావ్యములు వల్లించి, పిదప తెలుగు పండితుడనై బడిపిల్లలకు పాఠములు చెప్పి విరమించినవాడను. క్రైస్తవ జీవనమున శోధనను జయించుట, దైవచిత్తమును స్వీకరించుట అను విషయమును గూర్చి ప్రసంగింపవలెనని రేడియోవారు కోరినప్పుడు, ఇది పాదిరిగారికి తగిన పని గాని నాకు తగినది కాదని మొదట వెనుదీసితిని. పిమ్మట, ధర్మసూక్ష్మము చెప్పుటకు పాదిరిగారు కావలెను గాని జరిగిన కథ చెప్పుటకు చరిత్ర తెలిసినవాడు చాలునని తోచి ఒప్పుకొంటిని.

మత్తయి సువార్తలోను, లూకా సువార్తలోను యేసునకు కలిగిన శోధన వర్ణింపబడినది. నలువది దినములు ఉపవాసమున్న పిదప ఆయన యెదుటికి వచ్చిన మొదటి శోధన యేది? రాజ్యము కాదు, కీర్తి కాదు. రాళ్ళను రొట్టెలుగా చేసికొమ్మనుట. ఆకలిగొన్నవాడు తినుట పాపమా? కాదు. కావుననే అది గట్టి శోధన. చెడ్డది చెడ్డదిగానే కనబడినచో దానిని త్రోసివేయుటకు పెద్ద తపస్సు అక్కఱలేదు. న్యాయమైనదానివలె, దయగలదానివలె, అవసరమైనదానివలె వేషము వేసికొని వచ్చినదానిని పోల్చుకొనుటయే కష్టము. ఆ జీవితకథ తుదిభాగమున గెత్సేమనే తోట యున్నది. అచ్చట ఆయన తనకు రానున్న బాధ తొలగిన బాగుండునని ప్రార్థించి, కడపట తన యిష్టమును తండ్రి చిత్తమునకు వదలివేసెను. అడవిలో వలదనుట, తోటలో సరే యనుట. ఎచ్చట వలదనవలెను, ఎచ్చట సరే యనవలెను? ఈ ప్రశ్నకు ఒంగోలు సీమలో 1866 మొదలు 1878 వఱకు జరిగిన వృత్తాంతమునందు ఒక జవాబు కనబడుచున్నది.

అమెరికా బాప్తిస్టు సంఘమువారు మన తెలుగునాట పని ప్రారంభించినది 1836లో. శామ్యూల్ డే అను ఆయన మొదట విశాఖపట్టణమున దిగి, 1840 నాటికి నెల్లూరున స్థిరపడెను. ఏండ్లు గడచినను చేరినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందియే. ఇంత ధనము, ఇంత శ్రమ ఏల, ఈ పని చాలింతమని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుమార్లు తలపోసిరి. 1853లో ఆ చర్చ తీవ్రముగా జరిగినది. వారి పటములో ఈ దేశమున ఒక్క చుక్కయే యుండుటచేత దీనికి ఒంటినక్షత్రమని పేరు కలిగెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున జూయెట్ దొరయు, ఆయన భార్యయు, ముగ్గురు దేశీయ క్రైస్తవులును, మొత్తము అయిదుగురు, ఒంగోలు ప్రక్కనున్న కొండయెక్కి, ఈ యూరికి ఒక బోధకుని పంపుమని ప్రార్థించిరి. బోధకుడు వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టెను. ఈలోపల పని మూసివేయుదమని మఱల మాట వచ్చినప్పుడు, ఎవ్వరును తోడు రాకున్నను తానొక్కడనే తిరిగి పోయెదనని జూయెట్ పట్టుపట్టెను. ఓపిక యనునది ఎంతటి బలమో ఈ భాగమున తెలియును గాని, నేను చెప్పదలచినది దీని తరువాతి కథ.

1866 సెప్టెంబరులో ఒంగోలునకు కాపురము వచ్చినవాడు జాన్ క్లౌ. అప్పటికి ముప్పది యేండ్లవాడు. పడుచుతనమున అమెరికాలో భూములు కొలిచెడి సర్వేయరులతో కలిసి పనిచేసినవాడు. న్యాయవాది కావలెనని ఆశపడి, తుదకు పాదిరియై వచ్చెను. గొలుసు పట్టుకొని నేల కొలిచిన ఆ విద్య పిదప ఈ దేశమున అక్కఱకు వచ్చునని అప్పుడాయన యెఱుగడు.

ఒంగోలులోని పై కులములవారు క్లౌను ఆదరించిరి. తమ బిడ్డలకు ఇంగ్లీషు బడి పెట్టుమనిరి. బడి పెట్టబడినది. కొందఱు ఆయన చెప్పెడి మాటలు శ్రద్ధగా వినుచుండిరి. వారు చేరుదురేమో యనిపించునంత దగ్గఱగా వచ్చిరి. ఊరిపెద్దలు చేరినచో ఊరంతయు చేరునని ఆ కాలపు పాదిరులలో పెక్కుమంది నమ్మకము. ఆ నమ్మకము వట్టి వెఱ్ఱియని నేననను. గ్రామములలో బ్రతికినవారికి అందలి నిజము తెలియును.

ఇంతలో వేఱొకవైపునుండి పిలుపు వచ్చినది. ఒంగోలునకు పడమర నలువది మైళ్ళ దూరమున తాళ్ళకొండపాడను గ్రామము. అందు యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగవాడు తోళ్ళ వర్తకము చేయుచుండెను. ఈతడు సామాన్యుడు కాడు. క్రైస్తవము వినకపూర్వమే రాజయోగము నభ్యసించి, కన్నులు మూసి ధ్యానమున కూర్చుండి, తనవారిలో గురువుగా గౌరవము పొందినవాడు. చదువు నిషేధింపబడిన వాడలోను జ్ఞానమునకై దాహము కలదనుటకు ఈతడే సాక్షి. తోళ్ళు కొనుటకై ఉత్తరదేశమునకు పోయినప్పుడు అచ్చటి పాదిరుల మాట వినెను. వినినదానిని మనస్సున నానబెట్టుకొని యింటికి వచ్చి, భార్య నాగమ్మకు చెప్పి, 1866లో ఇద్దఱును జూయెట్ చేత బాప్తిస్మము పొందిరి. పిమ్మట తనవారికి తానే చెప్పనారంభించెను.

1867 జనవరి 1న ఒంగోలులో సంఘము స్థాపించినప్పుడు అందున్నవారు ఎనిమిదిమంది. ఆ నెలలోనే క్లౌ తాళ్ళకొండపాటికి పోయి చింతతోపులో డేరా వేసికొనెను. పేరయ్య మాట వినిన చుట్టుప్రక్కల మాదిగలు అచ్చటికి వచ్చిరి. వచ్చినవారు తమ తిండి తాము మూటగట్టుకొని వచ్చిరి. ఈ చిన్న సంగతిని దయచేసి గుర్తుంచుకొనుడు. కొన్ని దినములు కూర్చుండి, విని, అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పిన పిమ్మట వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ వార్త ఒంగోలున గుప్పుమనెను. బడిలోని పై కులముల పిల్లలు రాకుండ నిలిచిపోయిరి. పెద్దల మాట సూటిగానే యున్నది: వీరిని చేర్చుకొనినచో మేము రాము. క్లౌ దంపతులకు ఇది మింగుడుపడని సమస్య యయ్యెను. ఒకవైపు విద్య, పలుకుబడి, ధనము కలవారు. వారిని విడిచిన పండ్రెండేండ్ల ప్రార్థన వ్యర్థమగునేమో! ఇంకొకవైపు ఊరిబయట తోలు పదను చేయువారు. కొన్నాళ్ళు ఓపికపట్టి, ముందు వీరిని చేర్చుకొని, వారిని తరువాత చూచుకొనవచ్చును గదా! ఇందులో ఎవరికి అపకారము? శోధన ఈ రీతిగానే మాటలాడును. అది ఎన్నడును కాదనుమని చెప్పదు. కొంచెము ఆగుమని మాత్రమే చెప్పును.

క్లౌ తన గదిలో కూర్చుండి బైబిలు తెఱచెను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయపు కడభాగము కనబడెను. దేవుడు పిలిచినవారిలో లోకము దృష్టిలో పండితులు, బలవంతులు, గొప్ప వంశములవారు కొద్దిమందియే యని పౌలు వ్రాసిన భాగమది. వేఱొక గదిలో ఆయన భార్య హారియెట్ అదే చింతతో తన ప్రతి తెఱచి అదే భాగమును చూచెను. ఇద్దఱును కలిసికొని చెప్పుకొనినప్పుడు ఆశ్చర్యపడిరి. ఇది ఈశ్వర సంకల్పమా, కాకతాళీయమా యను వాదములోనికి నేను పోను. ఆ భాగము ఆయనకు ఇదివఱకే తెలిసినదే. తెలిసినదానిని చేయుటకు ఆ దినమున ధైర్యము కలిగినది. నాకు ముఖ్యముగా తోచునది అది. ఆనాటినుండి వచ్చినవారిని వచ్చినట్లు చేర్చుకొనెను. పై కులములవారి రాక చాలకాలమువఱకు నిలిచిపోయెను.

దొర శోధన ఒక దినమున తీఱినది. చేరినవారి శోధన అంత త్వరగా తీఱలేదు. చేరినవారికి మూడు నియమములు విధింపబడినవి: ఆదివారమున పని మానవలెను, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి చిన్నవిగా నుండును. గ్రామము నడకను ఎఱిగినవారికి ఇవి ఎంత పెద్దవో తెలియును. మాదిగవాడు ఊరికి చెప్పులు కుట్టవలెను, మోట తోలుబాన బాగుచేయవలెను, చచ్చిన గొడ్డును ఈడ్చుకొని పోవలెను, జాతరలో డప్పు కొట్టవలెను. ప్రతిఫలముగా కళ్ళములో మేర కొలుతురు. జాతరలో డప్పు మ్రోగకున్న జాతర జరుగదు. ఆదివారము మోట ఆగినచో తోట ఎండును. కావున ఊరు ఊరుకొనలేదు. పని ఇచ్చుట మానిరి, మేర ఆపిరి, అంగడిలో సరుకు దొరకకుండ చేసిరి. కొన్నిచోట్ల కొట్టిరి, లేనిపోని అభియోగములు మోపిరి. మా పూర్వులును ఆ సీమలోని కరణములే. కళ్ళములో నిలువబడి మేర ఆపినవారిలో మావారు లేరని నేను చెప్పజాలను.

ఒక్కదినము డప్పు కొట్టినచో చాలును, అన్ని తలుపులు మఱల తెఱచుకొనును. దొర నలువది మైళ్ళ దూరమున నున్నాడు, చూడడు. ఇట్టి శోధన ఏటేట జాతరకు జాతరకు వచ్చుచునే యుండెను. ఐనను 1877 నాటికి ఒంగోలు సంఘములో మూడువేల పైచిలుకు జనము చేరియుండిరి. రాజ్యము వలదన్న మహనీయులను గూర్చి మన కావ్యములలో చదివితిమి. మేర గింజలు వలదన్నవారిని గూర్చి కావ్యము వ్రాసినవాడు లేడు.

ఇక రెండవ ఘట్టము. 1876లో వానలు తప్పినవి. అది ధాత నామ సంవత్సరము. దానివలననే పెద్దలు ఆ క్షామమును ధాత కరువనిరి. మఱుసటి యేడు, ఈశ్వర సంవత్సరమునను, వానలు సరిగా కురియలేదు. పసిఫిక్ మహాసముద్రపు నీరు అసాధారణముగ వేడెక్కినప్పుడు మన ఋతుపవనములు బలహీనపడునని నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ 1877–78 నాటి వేడి చాల తీవ్రమైనదట. వాన తప్పుట ప్రకృతి చేసిన పని. దేశములో ఒకవైపు జనము చచ్చుచుండగా ధాన్యము ఓడలకెక్కి విదేశములకు పోవుట ప్రకృతి చేసిన పని కాదు. 1877 ఆరంభమున సర్కారు పంపిన సర్ రిచర్డు టెంపుల్, ఖర్చు తగ్గించుటకై, కరువు పనిలోని మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. ఆ కూలితో మట్టి మోయువాడు బ్రతుకజాలడని మదరాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించెను. ఆ రెండు మూడేండ్లలో దక్షిణదేశమున చనిపోయినవారు ఏబది లక్షలకు తక్కువ కారని అంచనా. మొదట చచ్చినది ఎవరో చెప్పనక్కఱలేదు. గాదెలో గింజలు ఎన్నడును లేనివారు.

ఆ కాలమున సముద్రతీరము వెంబడి కాలువను త్రవ్వించి జనమునకు పని కల్పించుచుండిరి. అప్పటి మదరాసు గవర్నరు పేర దానికి బకింగ్‌హాము కాలువయని పేరు వచ్చెను. పడవలు సాగిన ఆ కాలువ ప్రాభవము గడచిపోయినది. మా చిన్ననాట పెద్దలు ఆ పడవల కథలు చెప్పుచుండిరి. కరువు పనులలో మేస్త్రీలు మాదిగలను చేర్చుకొనకుండుటయు, చేర్చుకొనినను కూలి కోసివేయుటయు చూచి, క్లౌ తానే మూడున్నర మైళ్ళ కాలువను గుత్తకు తీసికొనెను. సర్వేయరు విద్య ఇప్పుడక్కఱకు వచ్చెను. రాజుపాలెము వద్ద పాళెము వేసి, పాకలు కట్టించి, నూతులు త్రవ్వించి, తన దేశీయ బోధకులనే పనిపై మేస్త్రీలుగా నియమించెను. దూరపు ఊళ్ళనుండి ఎముకలగూళ్ళవంటి జనము నడచి వచ్చిరి. పని చేసినవానికి కూలి చేతిలో పడుచుండెను. క్రైస్తవుడవా కాదా యని అడిగి పని ఇచ్చుట లేదు. సాయంకాలము గడ్డపాఱలు దించిన పిదప మేస్త్రీలే బోధకులై జనము నడుమ కూర్చుండి మాటలాడుదురు. బరువు మోసి డస్సినవారికి విశ్రాంతి కలదని క్రీస్తు చెప్పిన మాట ఆ మట్టితట్టల వారికి ఇట్టే అర్థమయ్యెను. దానికి వ్యాఖ్యానము అక్కఱలేకపోయెను.

చేరెదమని జనము అడుగనారంభించిరి. పదులు కాదు, వందలు. ఇచ్చటనే ఆ రెండవ శోధన.

ఆలోచింపుడు. నలువదియేండ్లు మూసివేయుదమా వద్దా యని చర్చింపబడిన పని యది. ఇప్పుడు వేలజనము వాకిట నిలిచి మమ్ము చేర్చుకొమ్మనుచున్నారు. చేర్చుకొన్నచో అమెరికాలోని పెద్దలు పొంగిపోవుదురు; ధనము వచ్చును; మనుష్యులు వత్తురు. ఆ జనము అడుగుటలోను తప్పు లేదు. కాని అన్నము పెట్టెడి చేయియే బాప్తిస్మ మిచ్చెడి చేయి యైనప్పుడు, వచ్చినవాడు దేనికి వచ్చెనో వానికైనను తెలియునా? అడవిలో యేసునకు చూపబడిన రొట్టె ఇచ్చట వేషము మార్చుకొని వచ్చినది. అచ్చట తాను తినుటకు. ఇచ్చట ఇతరులకు పెట్టి వారి ఆత్మలను కొనుటకు. క్లౌ వలదనెను. కరువు తీఱువఱకు బాప్తిస్మము లేదనెను. సుమారు పదునైదు నెలలు, 1877 మార్చి ప్రాంతము మొదలు 1878 జూను వఱకు, ఒక్కరికిని ఇయ్యలేదు. పాళెములో విషూచి వ్యాపించినది, చేరవలెనని అడిగినవారిలో ఎందఱో చనిపోయియుందురు. ఐనను మాట మార్చలేదు. అతనిని మెచ్చుకొనవలయునా, కఠినుడనవలయునా? నా మట్టుకు నేను రెండును అందును.

1878 ప్రభవించెను. సంవత్సరము పేరు బహుధాన్య. పేరు మంచిదే గాని ధాన్యము ఇంకను పొలములో లేదు, వాన మాత్రము ఆశ చూపినది. సహాయద్రవ్యము అయిపోవచ్చినది. జూను నెలలో క్లౌ తన బోధకులను ఒంగోలునకు ఉత్తరమున పదిమైళ్ళ దూరమున, గుండ్లకమ్మ యొడ్డునున్న వెల్లంపల్లి వద్దకు రమ్మని కబురంపెను. జనసమూహములను తేవలదని గట్టిగా చెప్పెను. కాని జనసమూహములే వచ్చినవి. ఇక ధనము లేదు, ఇండ్లకు పొండని ఆయన వారితో చెప్పెను. వారిచ్చిన జవాబు సారము ఇది: మేము సహాయమునకు రాలేదు. మేము పని చేసి తింటిమనుటకు మా అఱచేతుల బొబ్బలే సాక్షి. ఈ పంట కూడ తప్పినచో చత్తుము. చచ్చినచో క్రైస్తవులమై చావవలెను. మమ్ము చేర్చుకొనుము.

శోధనను జయించినవానికి మఱియొక శోధన కాచుకొనియుండును. తన జాగ్రత్తను తానే ప్రేమించుట. పదునైదు నెలలు వలదనుట అలవాటైనవాడు పదునాఱవ నెలను కూడ వలదనగలడు. లోకము కూడ అతని నిగ్రహమును మెచ్చుకొనును. ఇంత జనమును ఒక్కమాఱు చేర్చుకొన్న నన్ను నవ్వరా? బియ్యపు క్రైస్తవులని ఎగతాళి చేయరా? ఈ భయము పాపభీతివలె కనబడును గాని కీర్తిభీతి యది. చేతిలో బియ్యము లేని దినమున వచ్చిన జనమును చూచి క్లౌ తన నియమమును వదలుకొనెను. నియమము పెట్టుకొనుటకు పట్టిన బలముకంటె దానిని వదలుటకు ఎక్కువ బలము కావలెనని నా యనుభవము. మా యింట ఒక వివాహ విషయమున నా పట్టుదలను నేను ఏడేండ్లు వదలలేకపోతిని. దానిని ధర్మమనియే అనుకొంటిని. ఆ కథ ఇచ్చట అప్రస్తుతము.

గ్రామము గ్రామముగా కూర్చుండబెట్టి, ఆ గ్రామమునెఱిగిన బోధకుడు ఒక్కొక్కరిని విచారించెను. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మ నీళ్ళలో బాప్తిస్మము పొందిరి. మూడు దినములలో 3,536. జులై 3 లెక్కను చూచి అది సాధ్యమా యని సందేహించిన వారున్నారు. ఆరుగురు దేశీయ బోధకులు. ఒక్కమాఱు ఇద్దఱు నీళ్ళలో నిలుతురు, వారు అలసినప్పుడు తక్కిన ఇద్దఱు దిగుదురు. ఉదయమున ఆరంభించి, మధ్యాహ్నము ఎండవేళ ఆపి, మఱల సాయంకాలమువఱకు. మొత్తము తొమ్మిది గంటల పని. క్లౌ ఆ దినమున ఒక్కరికిని తన చేతితో బాప్తిస్మము ఇయ్యలేదు. ఒడ్డున నిలిచి చూచెను. ఆ సంగతి నాకు ప్రియమైనది. ఆ సంవత్సరాంతమునకు చేరినవారు 9,606 మంది.

విమర్శ రానే వచ్చినది. కరువులో చేరినవారు కరువు తీఱిన పిదప నిలుతురా యని తోడి పాదిరులే అడిగిరి. ఆ ప్రశ్న తప్పు కాదు. అంతమందికి చదువు చెప్పుటకు, బోధించుటకు చాలినంత గురువులు లేకుండిరి. రామాపట్నమున 1872లో స్థాపించిన బోధకుల పాఠశాల ఇంకను పసిదే. కాని 1883 నాటికి ఆ సంఘము ఇరువదివేలు దాటినది. వాన పడి, గాదెలు నిండి, కాలువ పని ముగిసి ఐదేండ్లైన పిమ్మటి లెక్క యిది. బియ్యమునకై వచ్చినవాడు బియ్యము లేని ఐదేండ్లు ఏల నిలుచును? ఊళ్ళలో మేర తగాదా అప్పటికిని తీఱలేదు సుమా. క్లౌ తన కథను ముదిమిలో చెప్పగా రెండవ భార్య ఎమ్మా వ్రాసిన గ్రంథము, ఆయన 1910లో మరణించిన పిదప, 1914లో వెలువడెను. ఈ కథలో పెక్కుభాగము దానియందున్నది.

గ్రంథములో లేని ముక్క యొకటి కలదు. నేను ఆ ప్రాంతపు బడిలో పనిచేయుచుండిన దినములలో నా విద్యార్థి తాత యొకడు, తొంబదికి దగ్గఱవాడు, నన్ను వెల్లంపల్లి రేవునకు తీసికొనిపోయెను. అతని నాయనమ్మ పదేండ్ల పిల్లయై ఆ జులై దినమున తల్లితో నీళ్ళలో దిగినదట. ఆమె ముసలితనమున మనుమలకు ఆ కథ చెప్పునప్పుడు దొరను గూర్చి గాని, బోధను గూర్చి గాని ఎక్కువగా చెప్పెడిది కాదట. నేను ప్రసంగము విందునని ఆశపడి, మఱి ఏమి చెప్పెడిదయ్యా యని అడిగితిని. అతడు నదివైపు చూచి, "ఏముంది పంతులుగారూ, పొద్దుననంగా లైన్లో నిలబడితే మాపటికి గాని వంతు రాలేదంట. ఆరోజు ఎవ్వరూ ఎవ్వరికీ అన్నం పెట్టలేదంట. తడిగుడ్డలతోనే ఆకలికి నడుచుకుంటా ఇంటికి పోయినారంట. అదే చెప్పేది, మళ్ళీ మళ్ళీ" అనెను.